ఎడమ చక్రం లోపలి ప్యాడ్ ఒక్కటే ఎందుకు అరిగింది: ఇంటి పార్కింగ్‌లో చేసిన బ్రేక్ పని, పూర్తి కేసు

బండి 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2015 మోడల్, 61,000 కి.మీ. తిరిగింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ ఉంది. ఉండేది విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ముందు ప్యాడ్లు, అంటే చక్రంతో తిరిగే డిస్కుని రెండువైపులా నొక్కి ఆపే పలకలు, మార్చి 14,000 కి.మీ. అయిందో లేదో, ఎడమవైపు ముందు చక్రం కీచుమనడం మొదలైంది. డూప్లికేట్ ప్యాడ్లు అంటగట్టారని ఓనర్ అనుమానం. ఈసారి ఒరిజినల్ సెట్ తనే కొని, ఇంట్లోనే మార్చుకుంటానన్నాడు, పక్కనుండి దారి చూపింది మేం. స్టెప్నీ వేసుకోవడం, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం అప్పటికే అలవాటైన మనిషి. బ్రేకుల మీద చెయ్యి పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

ప్యాడ్లు మార్చడం పెద్ద విద్య ఏమీ కాదు, చక్రానికి అరగంట పని. ఈ బండికి కూడా కొత్త సెట్ వేస్తే శబ్దం ఆగిపోయేది, ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదలయ్యేది. పాత ప్యాడ్లు ఎక్కడ ఎంత అరిగాయో కొలవకుండా చెత్తబుట్టలో పడేస్తే జబ్బు జాడ కూడా వాటితోనే పోతుంది. ఇంట్లో రిపేర్లు నేర్చుకునేవాళ్ళు పానా పట్టుకోవడం కంటే ముందు మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ పట్టుకోవడం నేర్చుకోవాలని గట్టిగా చెప్పడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

విప్పకముందే తెలిసినవి

ఓనర్ చెప్పింది శబ్దం గురించే. అడిగితే ఇంకో మూడు విషయాలు బయటపడ్డాయి. హైవే మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి మెల్లగా ఎడమకి పోతోంది. గట్టిగా బ్రేక్ వేస్తే మాత్రం కుడికి లాగుతోంది. ఎడమ ముందు చక్రం రిమ్ము కడిగిన నాలుగు రోజులకే నల్లబడుతోంది, కుడిది అంతగా కాదు. ఎడమకి పోతోందని అలైన్‌మెంట్ చేయించారు, తేడా రాలేదు.

మామూలుగా పోతుంటే ఒకవైపు, బ్రేక్ వేస్తే రెండోవైపు. ఇలా రెండు వైపులకీ లాగుతోందంటే అలైన్‌మెంట్‌ని పక్కన పెట్టి బ్రేకులు చూడాలి. బ్రేక్ వదిలినా ఎడమ చక్రాన్ని ఏదో కొద్దిగా పట్టి ఉంచుతోంది, అందుకని ఎడమకి. బ్రేక్ వేసినప్పుడు అదే చక్రం సరిగ్గా పట్టడం లేదు, కుడి చక్రం ఎక్కువ పని చేస్తోంది, అందుకని కుడికి. వదలాల్సినప్పుడు వదలకపోవడం, పట్టాల్సినప్పుడు పట్టకపోవడం రెండూ ఒకే చక్రంలో కనిపిస్తే మొదటి అనుమానం ప్యాడ్లని డిస్కుకి నొక్కే ఇనుప పట్టు, అంటే కాలిపర్, జారడం లేదని.

ముందుగా నాలుగు టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు చూశారు, సరిగ్గానే ఉంది. గాలి తేడా ఉన్నా బండి లాగుతుంది కాబట్టి ఈ పైసా ఖర్చు లేని పరీక్ష ఎప్పుడూ మొదట ఉండాలి.

తర్వాత వేడి పరీక్ష. పది కిలోమీటర్లు మామూలుగా నడిపి, చివరి కిలోమీటరు బ్రేకులు దాదాపు ముట్టకుండా గేర్ల మీద వేగం తగ్గించుకుంటూ వచ్చి ఆపారు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు డిస్కులూ ఒకే చోట కొలిచారు: ఎడమ 138 డిగ్రీలు, కుడి 61. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్లు అసలు వేడి కంటే తక్కువ చూపిస్తాయి, అందువల్ల అంకెను నమ్మకండి, రెండు వైపుల మధ్య తేడాని నమ్మండి. పరికరం లేకపోతే అరచేతిని రిమ్ముకి నాలుగు అంగుళాల దూరంలో పెట్టి చూసినా ఇంత తేడా తెలిసిపోతుంది. డిస్కుని ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయకుండానే లెవెల్ చూశారు. పైగీత దగ్గర ఉంది. ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకొస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో లెవెల్ తగ్గుతుంది. ఇక్కడ తగ్గలేదంటే మధ్యలో ఎవరో సర్వీసులో నింపేశారన్నమాట. నింపితే నష్టం రెండు విధాలు. ప్యాడ్లు అరిగాయని చెప్పే గుర్తు పోతుంది. రేపు పిస్టన్ వెనక్కి నెట్టినప్పుడు అదనపు ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది, బ్రేక్ ఆయిల్ పడ్డ చోట పెయింట్ పొంగి లేచిపోతుంది. మెడికల్ షాపులో దొరికే కొత్త 20 మి.లీ. సిరంజికి సన్న గొట్టం తగిలించి, లెవెల్ మధ్యకి వచ్చేదాకా తీసేశారు. తీసింది మళ్ళీ పోయకూడదు. డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళు గాలిలో తేమను పీల్చుకుంటాయి.

సామాను

19 సైజు వీల్ సాకెట్, 12, 14 రింగ్ పానాలు, 17 ఓపెన్ పానా, 10 నుంచి 110 న్యూటన్ మీటర్ల దాకా బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్, ఆరు అంగుళాల సీ క్లాంపు, వెర్నియర్, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే ఒకటి, కాలిపర్ జారే గైడ్ పిన్నులకి వాడే సిలికాన్ గ్రీజు, బైండింగ్ వైరు, చేతి తొడుగులు, మాస్కు. పార్టుల్లో ముందు ప్యాడ్ల సెట్, గైడ్ పిన్నుల రిపేర్ కిట్, ప్యాడ్ల కింద కూర్చునే స్టీలు క్లిప్పులు. కిట్ ముందే తెచ్చుకోండి. పిన్ను విప్పాక రబ్బర్ చిరిగితే బండి స్టాండ్ల మీద ఉండగా ఆటోనగర్ పరుగెత్తాల్సి వస్తుంది. షాపులో మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒకే మోడల్‌కి సంవత్సరాన్ని బట్టి రెండు రకాల కాలిపర్లు వచ్చి ఉంటాయి, ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్ ఇచ్చి తీసుకోవాలి.

డబ్బు పొదుపు చేయకూడని వస్తువు జాకీ స్టాండ్ల జత. డిక్కీలో ఉండే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండిని నిలబెట్టి పని చేయకూడదు. స్టాండ్ల బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టడం మన దగ్గర చాలాచోట్ల కనిపిస్తుంది. ఇటుక వంగదు, ముందు హెచ్చరిక ఇవ్వదు, ఒక్కసారిగా పగులుతుంది. ముఖ్యంగా ఇప్పుడు ఇళ్ళకి వాడుతున్న తేలిక దిమ్మలు అంచు మీద బరువు పడితే పిండి అయిపోతాయి.

సెల్లార్ నేల కాంక్రీటు, సమతలం. బయట పార్కింగ్ టైల్స్ మీదైతే జాకీ కింద అడుగు పొడవు, అంగుళంన్నర మందం చెక్క పెట్టాలి, లేకపోతే టైలు కుంగి జాకీ వాలుతుంది. ర్యాంప్ మీద ఈ పని అసలు వద్దు.

విప్పడం

హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేర్‌లో పెట్టి, వెనక చక్రాలకి రెండువైపులా అడ్డుదిమ్మలు పెట్టారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేశారు. గాల్లో లేపాక వదులు చేస్తే ఆ బలం బండిని స్టాండ్ మీద నుంచి ఊపుతుంది. జాకీ పాయింటు కింద లేపి, పక్కనే స్టాండ్ పెట్టి, బండి బరువు స్టాండ్ మీదికి దించారు. విప్పిన చక్రాన్ని సిల్, అంటే డోర్ల దిగువన ఉండే బాడీ అంచు, కింద పడుకోబెట్టారు. స్టాండ్ జారినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషి మీద పడదు.

కాలిపర్ బయటికి కనపడేలా స్టీరింగ్ తిప్పుకుని, ముందుగా ఏమీ విప్పకుండా చేత్తో కాలిపర్‌ను లోపలికీ బయటికీ కదిపి చూడాలి. కొద్దిగానైనా జారాలి. ఇది గోడకి కొట్టిన మేకులా ఉంది. కుడివైపు ఇదే పరీక్షలో కష్టంగానైనా కదిలింది.

పిన్ను బోల్టులు రెండూ 14 సైజు. బోల్టుతోపాటు పిన్ను కూడా తిరుగుతుంటే పిన్ను చదును భాగాన్ని 17 పానాతో పట్టుకుని విప్పాలి. కాలిపర్ బయటికొచ్చాక బైండింగ్ వైరుతో సస్పెన్షన్ స్ప్రింగుకి వేలాడదీశారు. ఆయిల్ తెచ్చే రబ్బర్ హోస్ మీద కాలిపర్ బరువు ఒక్క నిమిషం కూడా వేలాడకూడదు. హోస్ లోపలి పొర చీలితే బయటికి ఏమీ కనపడదు, ఆరు నెలల తర్వాత బ్రేకు వదలని జబ్బుగా బయటపడుతుంది.

కొలతలు

కొత్త ప్యాడ్ మీద లైనింగ్, అంటే అరిగే పొర, 10 మి.మీ. దాకా ఉంటుంది. ఇనుప పలకను వదిలేసి లైనింగ్ ఒక్కటే కొలవాలి. ఈ బండిలో వచ్చినవి:

ఎడమ లోపలి ప్యాడ్: ఒక చివర 3 మి.మీ., రెండో చివర 1.5 మి.మీ.
ఎడమ బయటి ప్యాడ్: 8 మి.మీ.
కుడి లోపలి ప్యాడ్: 6 మి.మీ.
కుడి బయటి ప్యాడ్: 7 మి.మీ.

నాలుగూ ఒకే పెట్టెలోంచి వచ్చినవి, ఒకే బండి మీద ఒకే దూరం తిరిగినవి. లైనింగ్ నాసిరకమైతే నాలుగూ అరగాలి. ఎడమ బయటిది ఇంకా కొత్తదిలాగే ఉంది. డూప్లికేట్ అనుమానం ఇక్కడితో పోయింది.

ఇలా ఎందుకు అరుగుతుందంటే, ఈ తరహా కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే ఉంటుంది, లోపలివైపు. పెడల్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకి నొక్కుతుంది. అది ఆనుకున్నాక మిగిలిన ఒత్తిడి కాలిపర్ ఒంటినే బండి లోపలివైపుకి నెడుతుంది. కాలిపర్ రెండు గైడ్ పిన్నుల మీద జారి, అవతలి పంజాతో బయటి ప్యాడ్‌ను డిస్కు మీదికి లాగుతుంది. పిన్ను జారకపోతే బయటి ప్యాడ్‌కి పనే లేదు. పనంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది. పెడల్ వదిలాక కూడా కాలిపర్ సర్దుకోలేదు, లోపలి ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది. ప్యాడ్ ఏటవాలుగా, ఒక చివర మందంగా ఒక చివర పల్చగా అరిగిందంటే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసి రెండోది కదులుతోందని అర్థం.

లోపలి ప్యాడ్ అరగడానికి పిస్టన్ వెనక్కి రాకపోవడం కూడా కారణం కావచ్చు కాబట్టి అది కూడా చూశారు. పాత ప్యాడ్‌ను పిస్టన్ ముందు అడ్డంపెట్టి సీ క్లాంపుతో మెల్లగా బిగిస్తే పిస్టన్ ఒకే తీరున, ఎక్కడా ఆగకుండా లోపలికి పోయింది. పిస్టన్‌కి దుమ్ము తగలకుండా ఉండే రబ్బర్ చిరగలేదు, లోపల తడి లేదు. ఒకవేళ పిస్టన్ మొరాయిస్తే ఇంకో పరీక్ష ఉంది. కాలిపర్ నుంచి ఆయిల్, గాలి వదిలే బ్లీడర్ నిప్పుల్‌కి గొట్టం పెట్టి, కొద్దిగా వదులు చేసి మళ్ళీ నెట్టాలి. అప్పుడు సులువుగా పోతే పిస్టన్ మంచిదే, ఆయిల్ వెనక్కి పోయే హోస్ లోపల మూసుకుపోయింది. నిప్పుల్ తెరిచినా కదలకపోతే పిస్టన్ తుప్పు పట్టింది. కాలిపర్ మొత్తం మార్చాలని ఎవరైనా ఎస్టిమేట్ ఇస్తే ఈ పరీక్ష చేశారా అని అడగండి.

డిస్కు మందం కొలవడంలో చాలామంది పొరపాటు పడతారు. ప్యాడ్ తగలని అంచున గట్టు మిగిలిపోతుంది, వెర్నియర్ ఆ గట్టు మీద కూర్చుని ఎక్కువ మందం చూపిస్తుంది. ఒకే రకం రూపాయి బిళ్ళలు రెండు తీసుకుని, వాటి మందం ముందే కొలిచి, గట్టుకి లోపల డిస్కుకి చెరోవైపు ఆనించి మొత్తం కొలిచి, బిళ్ళల మందం తీసేస్తే అసలు లెక్క వస్తుంది. ఇక్కడ 19.1 మి.మీ. వచ్చింది. కొత్త డిస్కు 20. కనీస మందం డిస్కు మీదే పోతపోసి ఉంటుంది, దీని మీద 18 అని ఉంది. లోతైన గీతలు లేవు, బ్రేక్ వేసినప్పుడు పెడల్ అదరడం లేదు. డిస్కు మార్చాల్సిన అవసరం లేదు, పాలిష్ పట్టించాల్సిన అవసరం కూడా లేదు.

పిన్ను దగ్గర దొరికిన అసలు కారణం

ఎడమ పై పిన్ను వేళ్ళతో లాగితే వచ్చింది. కింది పిన్ను రాలేదు. నీళ్ళు, దుమ్ము పోకుండా దాని చుట్టూ ఉండే రబ్బర్ బూటు మడత దగ్గర చిరిగి ఉంది. వానకాలంలో నీళ్ళు పోయి తుప్పు పట్టిందని ఎవరైనా అనుకుంటారు. ఓనర్ కూడా అదే అనుకున్నాడు.

పిన్ను తీయడానికి సుత్తి వాడలేదు. కాలిపర్‌ని మోసే బ్రాకెట్‌లో పిన్ను దూరే కన్నం చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఇరవై నిమిషాలు వదిలేసి, 17 పానాతో కొద్దికొద్దిగా ఇటూ అటూ తిప్పుతూ లాగారు. లాగడం కంటే తిప్పడం మీదే బలం పెట్టాలి. బయటికొచ్చిన పిన్ను మీద తుప్పు ఉంది కానీ కొద్దిగానే, బూటు చిరిగిన చోట మాత్రమే. లోపలి చివర ఉన్న రబ్బర్ తొడుగు మాత్రం ఉబ్బి, జిగురుగా, గోరుతో నొక్కితే గుంట పడేలా ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే కొత్త తొడుగు కంటే అరమిల్లీమీటరుకి పైగా లావు. కన్నంలో ఆ సందే లేదు. తొడుగు చుట్టూ పసుప్పచ్చటి మామూలు గ్రీజు.

కుడివైపు పిన్నులు తీస్తే అనుమానం తీరిపోయింది. అక్కడ బూట్లు రెండూ చెక్కుచెదరలేదు, నీటి చుక్క లోపలికి పోలేదు, తుప్పు లేదు. అయినా తొడుగు ఉబ్బడం మొదలైంది, అదే పసుపు గ్రీజు. చిరిగిన బూటు జబ్బుని తొందరపెట్టింది, అంతే. జబ్బు గ్రీజుది. 14,000 కి.మీ. కింద ప్యాడ్లు మార్చినప్పుడు బేరింగులకి, ఛాసిస్‌కి వాడే పెట్రోలియం గ్రీజు పిన్నులకి పూశారు.

బ్రేకుల్లో వాడే రబ్బర్ గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్‌ని తట్టుకునేలా చేసింది. ఆ రబ్బర్ పెట్రోలియం నూనెల్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే, పెట్రోలు, కిరోసిన్, అన్నీ దానికి విషమే. అందుకే పిన్ను మీద కొట్టిన స్ప్రే ఆనవాలు లేకుండా కడగాలి, పాత రబ్బర్ ఏదీ మళ్ళీ వాడకూడదు. పిన్నుకి సిలికాన్ గ్రీజు, లేదా డబ్బా మీద బ్రేక్ రబ్బర్లకి సరిపడుతుందని రాసిన సింథటిక్ గ్రీజు మాత్రమే. ఒక్కో పిన్నుకి చిన్న శనగగింజంత చాలు. పది రూపాయల గ్రీజు తేడా ప్యాడ్ల సెట్‌ని, ఇంకొన్నాళ్ళు ఆగితే డిస్కుని తినేస్తుంది.

శుభ్రం చేసి బిగించడం

బ్రాకెట్ కన్నాలకి బ్రేక్ క్లీనర్ కొట్టి, సన్న గుండ్రటి బ్రష్షుకి గుడ్డ చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచారు. డ్రిల్ బిట్ పెట్టి గీకితే కన్నం పెద్దదై పిన్ను గలగలలాడుతుంది. బ్రేక్ దుమ్ముని గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి, ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

ప్యాడ్లు కూర్చునే స్టీలు క్లిప్పులు తీసి వాటి కింద చూడాలి. ఈ చోటు దాదాపు అందరూ వదిలేస్తారు. క్లిప్పు కింద తుప్పు పొరలు పొరలుగా పెరిగి క్లిప్పుని పైకి లేపుతుంది, ప్యాడ్ రెండు చివరల ఉండే చెవులు బిగుసుకుపోతాయి. వైర్ బ్రష్షుతో ఇనుము కనపడేదాకా రుద్ది కొత్త క్లిప్పులు వేశారు. ప్యాడ్ వేలితో నెడితే జారాలి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాల్సి వస్తే అక్కడే ఆగి మళ్ళీ శుభ్రం చేయాలి.

రబ్బర్ తొడుగు ఉన్న పిన్ను, తొడుగు లేని పిన్ను స్థానాలు మార్చకూడదు. విప్పేటప్పుడే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొత్త బూట్లు ముందు బ్రాకెట్‌కి ఎక్కించి, పిన్నుకి పల్చటి పొరలా గ్రీజు రాసి, తిప్పుతూ లోపలికి పంపాలి. గ్రీజు ఎక్కువైతే కన్నం అడుగున గాలి ఇరుక్కుంటుంది. నొక్కి వదిలితే పిన్ను తనంతట తానే బయటికి వస్తుంది. అలా వస్తే బూటు పెదవిని కొంచెం ఎత్తి గాలి వదలాలి, అయినా ఆగకపోతే గ్రీజు తుడిచేసి మళ్ళీ రాయాలి. సరిగ్గా కుదిరిన పిన్ను రెండు వేళ్ళతో మెత్తగా జారుతుంది, వదిలిన చోట నిలుస్తుంది.

ప్యాడ్ల జతలో అరుగుదల తెలిపే రేకు ఉన్నది లోపలివైపా బయటివైపా అన్నది పాతవి చూసి అలాగే పెట్టారు. లైనింగ్ డిస్కువైపు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇనుప పలకని డిస్కువైపు పెట్టి బిగించిన బండ్లు గ్యారేజీలకి రావడం కొత్తేమీ కాదు. లైనింగ్ మీద, డిస్కు మీద గ్రీజు వేలిముద్ర కూడా ఉండకూడదు. డిస్కు కొత్తదైతే దాని మీద తుప్పు పట్టకుండా రాసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి.

కాలిపర్ దించేటప్పుడు హోస్ మెలిపడలేదని చూసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి హోస్ ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకున్నారు. పిన్ను బోల్టుల టార్కు బండిని బట్టి మారుతుంది. చిన్న కార్లలో ఎక్కువగా 22 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, సర్వీస్ మాన్యువల్‌లో చూసి ఆ అంకెకే బిగించాలి. చేతి బలంతో బిగిస్తే పిన్ను లోపలి మరలు పోతాయి. వీల్ నట్లు ఈ తరగతి కార్లకి 85 నుంచి 110 మధ్య ఉంటాయి, ఓనర్ మాన్యువల్‌లో అచ్చు వేసి ఉంటుంది. నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ, చివరి బిగింపు చక్రం నేలకి దించాక టార్క్ రెంచ్‌తో చేశారు. నట్లు ఎక్కే వీల్ స్టడ్లకి నూనె, గ్రీజు పూయవద్దు. అదే టార్కుకి నట్టు కావాల్సిన దానికంటే ఎక్కువ బిగుస్తుంది.

కుడివైపు ప్యాడ్లు ఇంకా 6, 7 మి.మీ. ఉన్నాయి, వాటిని ఉంచేయొచ్చు కదా అని ఓనర్ అడిగాడు. వద్దన్నాం. ఒకే ఇరుసు మీద ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే పట్టు తేడా వస్తుంది, బండి మళ్ళీ లాగుతుంది. ప్యాడ్లు, క్లిప్పులు, పిన్ను రబ్బర్లు రెండువైపులా మార్చారు.

బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్ళు దాటింది. రెండేళ్ళకోసారి మార్చాల్సిన వస్తువు. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అయినా అదే రోజు మార్చనివ్వలేదు. రెండు పనులు కలిపి చేశాక పెడల్ మెత్తగా దిగితే తప్పు ప్యాడ్లదా, గొట్టాల్లో చేరిన గాలిదా తేలదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక పూటకి ఒకే పని పెట్టుకోవాలి. ఆయిల్ మార్పు, ఎయిర్ తీయడం తర్వాతి వారం పెడల్ తొక్కే మనిషిని పెట్టుకుని చేశారు.

బండి కదిపేముందు

పిస్టన్లు వెనక్కి నెట్టి ఉన్నాయి కాబట్టి మొదటిసారి పెడల్ తొక్కితే నేల దాకా పోతుంది. బ్రేకే ఉండదు. చాలామంది ఇది మర్చిపోయి ఇంజన్ స్టార్ట్ చేసి రివర్స్ వేస్తారు, గోడకి తగిలాక గుర్తొస్తుంది. ఇంజన్ ఆపి ఉంచి, పెడల్ గట్టిపడేదాకా మెల్లగా సగం దూరం తొక్కుతూ పోవాలి. నేల దాకా తొక్కితే పాత బండ్లలో పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ సీలు ఎన్నడూ తిరగని తుప్పు భాగం మీదికి పోయి దెబ్బతింటుంది. గట్టిపడ్డాక డబ్బాలో లెవెల్ చూసి, రెండు గీతల మధ్యకి తెచ్చి, మూత బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్‌ని ఒక నిమిషం నొక్కి పట్టాలి. కిందికి జారకూడదు. సెల్లార్‌లోనే నడక వేగంతో ముందుకీ వెనక్కీ కదిపి బ్రేక్ పట్టు చూశాకే రోడ్డెక్కారు.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కలిసిపోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 కి.మీ. వేగానికి మధ్యస్థంగా బ్రేక్ వేసి, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం పెంచి, మధ్యలో అర కిలోమీటరు చల్లారనిస్తూ పదిసార్లు చేశారు. వేడెక్కిన ప్యాడ్లతో ఆగి పెడల్ నొక్కి పట్టి ఉంచితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద ఒకచోట పడుతుంది, తర్వాత పెడల్ అదురుతుంది. మొదటి 300 కి.మీ. అవసరమైతే తప్ప గట్టిగా బ్రేక్ వేయవద్దని చెప్పాం. ప్యాడ్లు కలిసేదాకా పట్టు కొంచెం తక్కువగా, కొద్దిగా వాసన రావడం మామూలే. పొగ వస్తే మాత్రం ఆగి చూడాలి.

పని కుదిరిందని తేల్చిన కొలతలు

అదే దారిలో అదే పద్ధతిలో వేడి పరీక్ష మళ్ళీ చేస్తే ఎడమ 64 డిగ్రీలు, కుడి 62. ఖాళీ రోడ్డు మీద 60 వేగంలో గట్టిగా బ్రేక్ వేస్తే బండి తిన్నగా ఆగింది. స్టీరింగ్ వదులుగా పట్టినా ఎడమకి పోలేదు. చక్రం లేపి చేత్తో తిప్పితే సన్నగా రాసుకునే శబ్దం రెండువైపులా ఒకేలా వచ్చింది. ఆ మాత్రం శబ్దం డిస్కు బ్రేకుకి సహజం.

100 కి.మీ. తర్వాత వీల్ నట్లు మళ్ళీ టార్క్ చూశారు. ఒక నట్టు పావు చుట్టు కంటే తక్కువ కదిలింది.

ప్యాడ్లు 1,900 రూపాయలు, రెండువైపులా పిన్ను కిట్లు, క్లిప్పులు కలిపి 1,100, గ్రీజు, క్లీనర్ 600. స్టాండ్లు, టార్క్ రెంచ్, వెర్నియర్‌కి అయిన 6,000 వచ్చే పనులకి కూడా ఉండే సామాను.

5,000 కి.మీ. దగ్గర చక్రాలు విప్పి కాలిపర్లు తీయకుండానే కాలిపర్ మధ్యలో ఉండే ఖాళీలోంచి నాలుగు ప్యాడ్లూ కొలిచారు. ఎడమ లోపల 9, బయట 9. కుడి లోపల 9, బయట 9.5. ఒకే చక్రంలో లోపలికీ బయటికీ తేడా 2 మి.మీ. దాటితే పిన్నులు మళ్ళీ విప్పాలి. అరగడం ఈ లెక్కనే సాగితే తర్వాతి కొలత 10,000 దగ్గర, పిన్నులకి కొత్త గ్రీజు 20,000 దగ్గర లేదా రెండు వానకాలాలు గడిచాక, ఏది ముందొస్తే అది. ఎడమ కింది బూటు కొత్తదే అయినా వానకాలం ముగిశాక ఒకసారి మడతలు విప్పి చూడాలని ఓనర్ రాసిపెట్టుకున్నాడు.